మన్నాకు బాకీలు ఉండవు

ప్రశ్న: మంచంలో ఉన్న అమ్మను రెండేళ్ళు చూసుకున్నాను. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. బాగవుతుందనే నేనూ గట్టిగా నమ్మాను. 8 నెలల క్రితం అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గానీ లోపలికి ఏమీ దిగదు. ఆరాధనలో పెదాలు పాడతాయి, నేను పాడను. ఏడాదిలో బైబిల్ పూర్తి చేసే పట్టికలో 61 రోజులు వెనకబడ్డాను. ఫోన్‌లో ఆ అంకె చూస్తేనే టెన్షన్. సంఘంలో ఒక పెద్దావిడ "నీ విశ్వాసం చాల్లేదమ్మా, అందుకే ఇలా అయింది" అన్నారు. రెండు నెలలుగా బల్ల (ప్రభువు రొట్టె, ద్రాక్షారసం) కూడా తీసుకోవడం లేదు. పైగా నేను సండే స్కూల్ టీచర్ని. దేవుణ్ణి నమ్మమని పిల్లలకు చెప్పి, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడుస్తాను. నేనింకా విశ్వాసినేనా? ఆకలే చచ్చిపోయిన ఆత్మకు ఆహారం ఎక్కడ దొరుకుతుంది?

సమాధానం:

సోదరికి వందనాలు.

మీ పెద్ద ప్రశ్నలకు తర్వాత వస్తాను. ముందు ఆ 61 సంగతి తేల్చేద్దాం. మీ ఉత్తరం చదువుతుంటే నన్ను పట్టి ఆపింది అదే. ఆ పట్టికను ఫోన్‌లోంచి తీసేయండి. వచ్చే నెల చూద్దాంలే అని పక్కన పెట్టడం కాదు, పూర్తిగా తీసేయండి. మంచి ఉద్దేశంతోనే ఎవరో తయారు చేసి ఉంటారు, కాదనను. కానీ ఇప్పుడది మీకు వాక్యాన్ని వడ్డించడం లేదు, అప్పులవాడిలా గుమ్మంలో కూర్చుంది.

నిర్గమకాండం 16వ అధ్యాయంలో, ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా కురిసిన తీరు మీకు తెలుసు, పిల్లలకు చెప్పే ఉంటారు. తలకు ఒక ఓమెరు (అప్పటి కొలత) చొప్పున, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికి ఉంటుందిలే అని దాచుకున్నవాళ్ళకు తెల్లారేసరికి పురుగులు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు. 40 ఏళ్ళూ ఇదే పద్ధతి. మనం ఈ కథను ఎప్పుడూ "దాచుకోకూడదు" అనే వైపు నుంచే చెప్తాం. దానికి ఇంకో వైపు ఉంది. ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదట, తక్కువ ఏరినవాడికి తగ్గలేదట. నిన్న ఏరలేకపోయినవాడు ఇవాళ దాన్ని కూడా కలిపి ఏరాలన్న నియమం ఆ అధ్యాయమంతా వెతికినా కనబడదు. మన్నాకు రేపటి నిల్వా లేదు, నిన్నటి బాకీ లేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా "మా అనుదినాహారము నేడు" అనే ఉంది. మీరు 61 రోజులు వెనకబడలేదమ్మా. ఇవాళ్టి దగ్గరే ఉన్నారు.

ఇక ఆకలి సంగతి.

ఆత్మకు ఆకలి చచ్చిపోయిన మనిషిని దేవుడు ఏం చేస్తాడో చూడాలంటే ఏలీయా ప్రవక్త దగ్గరికి వెళ్ళాలి. మొదటి రాజుల గ్రంథం, 19వ అధ్యాయం. దానికి ముందు అధ్యాయంలో ఈయన కర్మెలు కొండ మీద బయలు అనే దేవత ప్రవక్తలు 450 మంది ఎదుట ఒంటరిగా నిలబడి, ఆకాశం నుంచి అగ్ని దిగేలా ప్రార్థించినవాడు. అంతటివాడు యెజెబెలు రాణి పంపిన ఒక్క కబురుకి ప్రాణభయంతో పరుగెత్తాడు. తన దగ్గరున్న సేవకుణ్ణి కూడా బెయేర్షెబాలో వదిలేసి, ఎడారిలోకి ఒక రోజు ప్రయాణమంత దూరం పోయి, బదరీ చెట్టు కింద కూలబడ్డాడు. "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. అని నిద్రపోయాడు.

ఇక్కడ నేనైతే ఒక మంచి ప్రసంగం చేసి ఉండేవాణ్ణి. నిన్న కాక మొన్న అగ్ని దిగడం చూశావు కదయ్యా, అప్పుడే మర్చిపోయావా అని. దేవుడు అలాంటి మాట ఒక్కటీ అనలేదు. దూత వచ్చి తట్టి లేపాడు. ఏలీయా చూస్తే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్ళు. తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు. ఆ మళ్ళీ పడుకోవడం నాకు చాలా ఇష్టం. తిన్నావు కదా, ఇక లేచి పనిచూడు అని ఎవరూ అనలేదు. పడుకోనిచ్చి, రెండోసారి లేపి, రెండోసారి పెట్టారు. అప్పుడు కూడా దూత అన్నది ఏమిటంటే, నీ శక్తికి మించిన ప్రయాణం నీ ముందుంది, తిను అని. నీ విశ్వాసం తక్కువ అనలేదు, దారి ఎక్కువ అన్నాడు.

రెండేళ్ళు రాత్రిళ్ళు నిద్ర లేకుండా రోగిని చూసుకున్న మనిషికి, ఆ తర్వాత తల్లిని పోగొట్టుకున్న మనిషికి, ఏ వాక్యమూ రుచించకపోవడంలో వింతేముంది? మీకు ముందు కావలసింది నిద్ర కావచ్చు. నేను తేలిగ్గా అనడం లేదు. ఈ 8 నెలల్లో సరిగ్గా తిండి సహించక, నిద్ర పట్టక, బతికి ఏం లాభం అన్న ఆలోచనలు పదేపదే వస్తున్నాయా? అలా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మీ మనసు తెలిసినవాళ్ళు ఒకరికైనా ఆ సంగతి విప్పి చెప్పండి. మందు వేసుకోవడం అవిశ్వాసం అని ఎవరైనా అంటే, పౌలు తన వెంట ఉన్న లూకాను "ప్రియుడైన వైద్యుడు" అన్నాడని గుర్తు చేయండి. కొలొస్సయులకు రాసిన పత్రికలోనే ఉంది.

ఆ పెద్దావిడ మాటకు వద్దాం. ఆవిడ చెడ్డమనిషి అయి ఉండకపోవచ్చు. ఎదుటివాళ్ళ దుఃఖం చూసి తట్టుకోలేని వాళ్ళే ఎక్కువగా ఇలాంటి కారణాలు వెతుకుతారు. కారణం దొరికితే అది తమ ఇంటికి రాదని ఒక ధైర్యం. కానీ ఆ మాట తప్పు. అందులో నాకు ఏ మొహమాటమూ లేదు. నమ్మినంత మాత్రాన అడిగిందల్లా జరిగేటట్టయితే, గెత్సెమనే తోటలో ఏం జరిగింది? యేసు సాగిలపడి, ఈ గిన్నె, అంటే రాబోయే సిలువ శ్రమ, నా దగ్గర నుంచి తొలగించమని అడిగాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మూడోసారి కూడా అవే మాటలు అన్నాడని మత్తయి ప్రత్యేకంగా రాశాడు. గిన్నె తొలగలేదు. ఆయనకు విశ్వాసం చాల్లేదని అనగలిగినవాళ్ళు ఉంటే ముందుకు రమ్మనండి. పౌలు సంగతి చూడండి. ఎందరో రోగులు ఆయన చేతుల మీదుగా బాగుపడ్డారు. అంతటివాడు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో, త్రోఫిముకు జబ్బుగా ఉంటే మిలేతులో వదిలి వచ్చానని ఒక చిన్న వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోతాడు. వివరణ లేదు, సంజాయిషీ లేదు. ఎవరి పాపం, ఎవరి అవిశ్వాసం అన్న విచారణ లేదు.

మరి మీ అమ్మగారు ఎందుకు బాగుపడలేదు? ఆ ప్రశ్నకు జవాబు చెప్తామని ముందుకొచ్చేవాళ్ళకు కాస్త దూరంగా ఉండండి. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన ఒక్క మాట లేకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. నోరు విప్పాకే చెడగొట్టారు. లాజరు చనిపోయినప్పుడు అతని తోబుట్టువులు మార్త, మరియ ఇద్దరూ విడివిడిగా వచ్చి యేసుతో అన్నది ఒకటే మాట: నువ్విక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు. అది విశ్వాసమా, నిష్ఠూరమా? రెండూ కలిసే ఉన్నాయి. ఆయన ఆ నిష్ఠూరాన్ని తప్పుపట్టలేదు. ఇంకాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. మీరు తలుపేసుకుని ఏడుస్తున్నానని సిగ్గుపడుతున్నారు గానీ, ఆ గదిలో మీకు దొరికిన తోడు చిన్నది కాదు.

నమ్మడం అంటే ఏమిటన్నది మీ ఉత్తరమంతా కింద పారుతున్న ప్రశ్న అనుకుంటాను. మనం నమ్మకాన్ని ఒక అనుభూతిగా కొలవడం మొదలుపెట్టాం. గుండె వెచ్చబడితే నమ్మకం ఉన్నట్టు, చల్లబడితే పోయినట్టు. మన తెలుగు బైబిల్లో దీనికి మంచి మాట ఒకటి ఉంది, చిన్నప్పటి నుంచీ వింటున్నా నేను చాలా ఆలస్యంగా గమనించాను. "యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము" అంటుంది 27వ కీర్తన. కనిపెట్టడం అంటే మామూలుగా మనకు కొత్తది కనుక్కోవడం. ఇంకో వాడుక కూడా ఉంది కదా: ఇల్లు కనిపెట్టుకుని ఉండు, పాపను కనిపెట్టుకుని ఉండు, రోగిని కనిపెట్టుకుని ఉండు. చూపు తిప్పకుండా, వదిలి వెళ్ళకుండా, పక్కనే ఉండటం.

రెండేళ్ళు మీరు చేసింది ఇదే. అర్ధరాత్రి లేచి అమ్మ ఊపిరి సరిగ్గా ఉందో లేదో చూసి మళ్ళీ కుర్చీలో కూలబడిన రాత్రులు ఎన్నో ఉండి ఉంటాయి. ఆ రాత్రుల్లో మీకు ప్రేమ పొంగి పొర్లిందా? చాలాసార్లు విసుగే వచ్చి ఉంటుంది, నడుము నొప్పే గుర్తుండి ఉంటుంది. అయినా కుర్చీ వదల్లేదు. దాన్ని ప్రేమ కాదని ఎవరైనా అంటే మీరు ఊరుకుంటారా? దేవుడి విషయంలో ఇప్పుడు మీరున్నది సరిగ్గా ఆ కుర్చీలోనే. ఏమీ రుచించకపోయినా బైబిల్ తెరుస్తున్నారు. పెదాలతోనైనా పాడుతున్నారు. నేనింకా విశ్వాసినేనా అని అడుగుతున్నారు. విశ్వాసం పోయినవాళ్ళకు ఆ ప్రశ్నతో పనేముంది?

ఇలాంటి ఎండిన కాలాలు విశ్వాసం లేనివాళ్ళకే వస్తాయన్న భ్రమ కూడా వదిలేయండి. మదర్ తెరెసా 1997లో చనిపోయిన పదేళ్ళకు, అంటే 2007లో, ఆమె తన ఆత్మీయ గురువులకు రాసుకున్న ఉత్తరాలు అచ్చయ్యాయి. చదివినవాళ్ళు నివ్వెరపోయారు. దాదాపు యాభై ఏళ్ళు, మధ్యలో ఒక చిన్న విరామం తప్ప, ప్రార్థనలో ఆమెకు చీకటీ వెలితీ తప్ప ఏమీ తెలియలేదట. బయట ఆ చిరునవ్వు, లోపల ఈ నిశ్శబ్దం. కొందరు దాన్ని కపటం అన్నారు. నేను మాత్రం, తెల్లవారుజామున లేచి మోకరించి, ఏమీ దొరక్కపోయినా లేచి వెళ్ళి ఎవరి పుండో కడిగిన ఆ వేల ఉదయాలను లెక్కపెట్టుకుంటాను.

నా సంగతి కొంచెం చెప్తాను. మా తమ్ముడు పోయిన ఏడాది నాకు ప్రార్థన ఆగిపోయింది. కోపం కూడా లేదు, ఊరికే ఆగిపోయింది. సంఘంలో పెద్దగా మాట్లాడని ఒకాయన ప్రతి గురువారం సాయంత్రం ఇంటికి వచ్చేవాడు. పాత బైబిల్ తీసి, ఒక కీర్తన పైకి చదివి, చిరిగిన బస్ టికెట్‌ను గుర్తుగా ఆ పేజీలో పెట్టి, లేచి వెళ్ళిపోయేవాడు. ఎలా ఉన్నావని అడిగేవాడు కాదు. నేను ఆమేన్ కూడా అనేవాణ్ణి కాదు. నా ఆమేన్ కూడా ఆయనే అనేవాడు. పద్నాలుగో వారమో పదిహేనో వారమో 121వ కీర్తన చదువుతూ "నిన్ను కాపాడువాడు నిద్రపోడు" అన్నాడు. నేను అప్రయత్నంగా "కునుకడు" అన్నాను. ఆ వచనంలో ఉన్న మాట అదే, నిద్రపోడు అన్నది తర్వాతి వచనంలో వస్తుంది. ఆయన కళ్ళద్దాల మీద నుంచి ఒకసారి చూసి, "కునుకడు" అని సరిచేసుకుని చదువుకుంటూ పోయాడు. నేను వింటున్నానని నాకు అప్పుడే తెలిసింది. అన్ని వారాలూ ఆకలి లేకుండానే తింటూ వచ్చానన్నమాట.

అందుకని మీకు నేను చెప్పే మొదటి పని, చదవడం మానేసి వినండి. మీకు కీర్తనలు చదివి పెట్టే మనిషిని ఒకరిని వెతుక్కోండి. ఓదార్చేవాళ్ళు వద్దు, చదివేవాళ్ళు కావాలి. మార్కు రెండో అధ్యాయంలో పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దింపారు. అక్కడ యేసు చూసింది "వారి విశ్వాసము" అని ఉంది. మంచం మీదున్నవాడు అప్పటికి నోరు విప్పి ఏమీ అడగలేదు. కొంతకాలం మంచం మీద ఉండటానికి ఒప్పుకోండి. ఇన్నాళ్ళూ మోసినవాళ్ళకు అది కష్టమే.

కీర్తనల్లో కూడా స్తుతులతో మొదలుపెట్టకండి. మొరలున్నవి చూడండి. 42వ కీర్తనలో ఒకడు, రాత్రింబగళ్ళు నా కన్నీళ్ళే నాకు అన్నపానాలయ్యాయి అంటాడు. ఆత్మకు ఆహారం ఎక్కడ అని అడిగారు కదా, ఆ కాలంలో అతనికి దొరికింది అదే, దాన్నే దేవుడి ముందు పెట్టాడు. 88వ కీర్తన ఇంకా విచిత్రం. మొరలన్నీ సాధారణంగా చివరికి ఏదో ఒక స్తుతి వైపు మళ్ళుతాయి, ఇది మళ్ళదు. చీకటే నాకు బంధువర్గమైంది అన్న మాట దగ్గర ఆగిపోతుంది. అలాంటిది బైబిల్లో చోటు సంపాదించుకుంది. అంటే మీ ప్రార్థన "ప్రభువా, నాకేమీ అర్థం కావడం లేదు" అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయినా అది ప్రార్థనే. ఆ మాట కూడా రాకపోతే, ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో పరిశుద్ధాత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తుందని రోమా 8లో ఉంది. దాని మీద ఆనుకోండి.

బల్ల దగ్గరికి వెళ్ళడం మానేశానన్నారు. అది మాత్రం మీరు చేసుకున్న తప్పు అని చెప్పాలి. అయోగ్యంగా తీసుకోవద్దని కొరింథీయులకు పౌలు రాసింది చదివి చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆయన అక్కడ గద్దిస్తున్నది ఎవరిని? ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా ఉండేంత తాగి, పేదవాళ్ళను సిగ్గుపరుస్తూ బల్లను పాడుచేస్తున్నవాళ్ళను. దుఃఖంతో గుండె గడ్డకట్టినవాళ్ళను కాదు. అసలు ఆ మొదటి రాత్రి బల్ల చుట్టూ కూర్చున్నది ఎవరో చూడండి. ఇంకొన్ని గంటల్లో అందరూ ఆయన్ను వదిలి పారిపోబోతున్నారు, ఒకడైతే ఎరగనని మూడుసార్లు బొంకబోతున్నాడు. తెలిసే రొట్టె విరిచి ఇచ్చాడు. సిలువ మరణం తర్వాత ఎమ్మాయు ఊరి దారిలో వెళ్ళిన ఇద్దరు శిష్యులు కూడా, ఆయన మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నాం అని గతంలాగా చెప్పుకుంటూ నడిచారు. తిరిగి లేచిన ఆయనే పక్కన నడుస్తూ దారంతా లేఖనాలు వివరించినా గుర్తుపట్టలేదు. రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు. వినడం వల్ల కానిది ఒక్కోసారి తినడం వల్ల అవుతుంది. వచ్చేసారి వెళ్ళండి. ఏమీ అనిపించకపోయినా చెయ్యి చాపండి.

సండే స్కూల్ విషయం మిగిలింది. అలసిపోయి ఉంటే రెండు నెలలు ఎవరికైనా అప్పగించండి, తప్పేమీ కాదు. మానేయడం ఇష్టం లేకపోతే కపటం అనుకుంటూ మాత్రం నిలబడకండి. పిల్లలకు మీరు చెప్పేది మీ గుండె వేడి గురించి కాదు, దేవుడి గురించి. అది మీ మూడ్‌ని బట్టి మారదు. ఈ ఆదివారం వాళ్ళకు ఏలీయా కథ చెప్పి చూడండి. కర్మెలు కొండ మీది అగ్ని కాదు, ఆ తర్వాతి అధ్యాయం, చెట్టు కిందది. అంత గొప్ప ప్రవక్త చచ్చిపోతానని ఎందుకన్నాడు టీచర్ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పుస్తకం మూసేసి, చాలా అలసిపోయాడమ్మా అని చెప్పండి. తర్వాత దూత ఏం తెచ్చాడో వాళ్ళనే చెప్పనివ్వండి.